ఫుట్‌బాల్ రాతలు అన్నం పెడతాయా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ఇంజినీరింగ్ వద్దట. ఫుట్‌బాల్ జర్నలిస్టునవుతా, పుస్తకాలు రాస్తా అంటాడు. అర్ధరాత్రి దాకా మ్యాచ్‌లు చూసి ఏదో రాసుకుంటుంటే కోపమొచ్చి ఆ నోట్‌బుక్ చింపేశాను. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ మంచిదా, జర్నలిజం డిగ్రీనా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: కోర్సుల సంగతి తర్వాత. ముందు ఆ నోట్‌బుక్ ఎందుకు చింపారండీ? ఎవరూ చెప్పకుండా రోజూ కూర్చుని రాసే పిల్లలు నాకు ఏడాదికి ఒకరిద్దరు కూడా కనబడరు. దొరికినవాడి కాగితాలు మీరు చింపారు. ఇవాళ వాడికి సారీ చెప్పండి. తండ్రి చెబితే తప్పేం లేదు.

మీ అసలు టెన్షన్ కోర్సు గురించి కాదు, రేపు వీడు ఎలా బతుకుతాడని. అబద్ధం చెప్పను. ఫుట్‌బాల్ ఒక్కటే రాసుకుంటూ బతికే ఉద్యోగాలు తెలుగు పత్రికల్లో దాదాపు లేవు. స్పోర్ట్స్ డెస్క్‌లో చేరినా క్రికెట్, బ్యాడ్మింటన్ వార్తలు రాయాలి, వార్తా ఏజెన్సీలు పంపే కథనాలు అనువదించాలి. సాయంత్రం వెళ్తే పేపర్ ప్రింటుకి పోయాకే ఇంటికి. మీవాడికి రాత్రి మేలుకోవడం ఎలాగూ అలవాటే!

అయినా దారి లేకపోలేదు. నోవీ కపాడియా ఢిల్లీలోని ఖాల్సా కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవారు. ఇల్లు గడిచింది ఆ జీతంతో. ఫుట్‌బాల్ గురించి రాస్తూ, కామెంటరీ చెబుతూ తొమ్మిది ప్రపంచకప్‌లు కవర్ చేశారు. భారత ఫుట్‌బాల్ చరిత్ర మీద ఆయన పుస్తకం 2017లో వచ్చింది. 2021లో ఆయన పోయినప్పుడు అందరూ తలచుకున్నది ఆ రాతలనూ ఆ గొంతునూ.

స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. బ్రోచర్‌లో స్టేడియం ఫొటో, లోపల లక్షల ఫీజు. ఉద్యోగాలిచ్చేది ఎవరు? క్లబ్బులే కదా. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. క్లబ్బే ఊళ్లో నిలవకపోతే దాన్ని నమ్ముకున్న డిప్లొమా ఏం నిలుస్తుంది? చేరే ముందు గత రెండు బ్యాచ్‌ల పిల్లలు ఎక్కడ పని చేస్తున్నారో పేర్లతో అడగండి. జవాబు నసిగితే లేచి వచ్చేయండి. అప్పు చేసి మాత్రం చేర్చొద్దు.

జర్నలిజం డిగ్రీ పర్వాలేదు. నన్నడిగితే ఇంగ్లిష్ గానీ హిస్టరీ గానీ ఉన్న మామూలు బీఏ ఇంకా నయం. జర్నలిజం పీజీలో చేసుకోవచ్చు, ఇష్టం మారితే టీచరో లెక్చరరో కావచ్చు.

ఇక రాయడానికి సరుకు కావాలంటే యూరప్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఆయన చేతిలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆ తరం ఆటగాళ్లు చాలామంది వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లల్లో ఫొటోలు, పేపర్ కటింగులు, కబుర్లు ఇంకా ఉంటాయి. ఎవరో ఒకరు వెళ్లి అడగాలి.

ఈ సెలవుల్లో మీవాణ్ని రెండు రోజులు హైదరాబాద్ పంపండి. ఛార్జీలు మీరే ఇవ్వండి. ఒక పాత ఆటగాణ్నో, వాళ్ల పిల్లలనో కలిసి తెలుగులో ఐదు వందల మాటలు రాసి ఏదైనా పత్రికకు పంపమనండి. వేసుకోకపోతే ఇంకోటి రాయాలి. ఆరు నెలల తర్వాత కూడా రాస్తూనే ఉంటే నాకు మళ్లీ ఉత్తరం రాయండి. అన్నట్టు, ఈసారి మీరు కాదు, వాణ్నే రాయమనండి.