చెక్కబొమ్మలు అమెరికాకు పంపాలంటే సీపీఎస్‌సీ సర్టిఫికెట్ ఎవరిస్తారు?

రంగులేసిన చెక్కబొమ్మలకు అమెరికా ప్రభుత్వ వినియోగ వస్తువుల భద్రతా సంస్థ అయిన సీపీఎస్‌సీ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలని అడిగారు. అలాంటిది లేదండీ. సీపీఎస్‌సీ ఏ బొమ్మకూ ఆమోదముద్ర వేయదు. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 12 ఏళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లల వస్తువులకు కావలసింది చిల్డ్రన్స్ ప్రోడక్ట్ సర్టిఫికెట్, అంటే సీపీసీ. బయటి దేశాల్లో తయారైన సరుకుకు దాన్ని రాసేది అమెరికాలోని ఇంపోర్టరే. దానికి ఆధారం ల్యాబ్ రిపోర్టు.

ల్యాబ్‌కు ఐఎస్ఓ 17025 (ల్యాబ్‌ల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఒక్కటే ఉంటే చాలదు. మీరు చేయించే ప్రతి టెస్టుకూ దాని పేరు సీపీఎస్‌సీ జాబితాలో ఉండాలి. యూరప్ బొమ్మల భద్రతా ప్రమాణమైన ఈఎన్ 71 కోసం చేయించిన రిపోర్టు చూపిస్తే కుదరదు. ఈఎన్ 71-3 బొమ్మలోంచి బయటికి వచ్చే సీసాన్ని కొలుస్తుంది, అమెరికా చట్టం అడిగేది అందులో ఉన్న మొత్తం సీసం.

శాంపిల్ పంపకముందే వయసు తేల్చుకోండి. 3 ఏళ్లలోపు వాళ్ల బొమ్మను ల్యాబ్‌లో కింద పడేస్తారు, మెలితిప్పుతారు, లాగుతారు. ఊడిన ముక్క 31.7 మి.మీ. వ్యాసమున్న స్మాల్ పార్ట్స్ సిలిండర్‌లో పూర్తిగా ఇమిడిందా, ఫెయిల్. జిగురుతో మాత్రమే నిలబెట్టిన చక్రాల ఇరుసులు ఇక్కడే దెబ్బతింటాయి. పెట్టె మీద '3+' అని వేస్తే సరిపోతుందనుకోవద్దు, గిలక్కాయ ఎవరిదో ల్యాబ్‌కు తెలుసు.

డబ్బు ఎక్కువ పోయేది రంగుల దగ్గర. పూతలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90), లోపలి పదార్థంలో 100 పీపీఎం దాటకూడదు. రంగు పడని మామూలు చెక్కకు సీసం టెస్టు అక్కర్లేదు. 20 రకాల బొమ్మలకు అవే 5 రంగులు వాడుతుంటే బొమ్మ బొమ్మకూ సీసం టెస్టు చేయించకండి. కాంపోనెంట్ టెస్టింగ్ కింద ఆ 5 రంగులకే చేయించి, అదే బ్యాచ్ పెయింటు వాడిన బొమ్మలన్నిటికీ ఆ రిపోర్టే చూపించవచ్చు. పైన కొట్టే వార్నిష్ కూడా పూతే, దాన్ని మర్చిపోతారు. మెత్తటి ప్లాస్టిక్ భాగాలుంటే 8 రకాల ఫ్తాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు), ఒక్కోటి 0.1 శాతానికి మించకూడదు. పెయింటు సప్లయర్‌ను మార్చి ఫార్ములా మారితే ఆ రంగుకు మళ్లీ టెస్టు. ఏమీ మారకపోయినా ఉత్పత్తి సాగుతుంటే కనీసం ఏడాదికోసారి. ఉత్పత్తి సాగుతుండగా చేసే టెస్టులకు రాతపూర్వక ప్లాన్ (ప్రొడక్షన్ టెస్టింగ్ ప్లాన్) అమల్లో ఉంటే 2 ఏళ్లకోసారి.

తయారీదారు పేరు, చోటు, తేదీ, బ్యాచ్ వివరాలున్న ట్రాకింగ్ లేబుల్ పెట్టె మీదే కాదు, బొమ్మ మీద కూడా చెరగకుండా ఉండాలి. సీపీసీలో బొమ్మల ప్రమాణాన్ని ఏఎస్‌టీఎం ఎఫ్963-23 అని ఎడిషన్‌తో సహా చూపండి. 2026 జూలై 8 నుంచి సీపీసీ వివరాలు కస్టమ్స్ ఎంట్రీతోపాటే ఆన్‌లైన్‌లో దాఖలు కావాలి కాబట్టి, సరుకు ఓడెక్కకముందే రిపోర్టు ఇంపోర్టర్ చేతికి చేరేలా చూసుకోండి.