జాబితాలో లేని పేరు

ప్రశ్న: మాది నల్లగొండ. మందుల దుకాణం నడుపుతాను. మా మామగారు విశ్రాంత ఉపాధ్యాయుడు, ఇరవై నాలుగేళ్లుగా లయన్స్ క్లబ్బు సభ్యుడు. నన్ను చేర్పించింది ఆయనే. నిరుడు అధ్యక్షుడు ఆయన, ఈ జులై నుంచి నేను. పదవీ స్వీకారం నాడు తన మెడలోని, అధ్యక్షుడి గుర్తయిన కాలర్ తీసి స్వయంగా నా మెడలో వేశారు. తరువాత పదిహేడు మంది సభ్యులకు శాలువాలు కప్పి, జ్ఞాపికలు ఇచ్చాం. ఆ జాబితా రాసింది నేనే. అందులో ఆయన పేరు లేదు. ‘మనింటి మనిషే కదా’ అనుకున్నానో, మరిచిపోయానో నాకే తెలియదు. మర్నాడు రిజిస్టర్లు, చెక్కుబుక్కు బియ్యం సంచిలో పెట్టి పనివాడితో పంపించారు. అప్పటి నుంచి సమావేశాలకు రావడం లేదు, నా ఫోను ఎత్తడం లేదు. నా భార్య మా ఇద్దరి మధ్య నలిగిపోతోంది. దేవరకొండ వైపు పల్లెల్లో కంటి శిబిరం దగ్గరపడింది. నాలుగు వందల రూపాయల జ్ఞాపిక కోసం అంత పెద్దమనిషి అలగడమేమిటని నాకూ కోపం వస్తోంది. ఆయన పేరు మీద లయన్స్ ఫౌండేషన్‌కు వెయ్యి డాలర్లు విరాళమిచ్చి, లయన్స్ వ్యవస్థాపకుడి పేరిట ఇచ్చే ‘మెల్విన్ జోన్స్ ఫెలో’ గుర్తింపు తెప్పిస్తే సరిపోతుందా? దసరాకు జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే చాలా? రాజీనామా చేసేద్దామా అని కూడా ఉంది.
– ఒక అల్లుడు, నల్లగొండ

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు ఆగిన మాట ‘మనింటి మనిషే కదా’. నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో ఈ మాట చేసిన గాయాలు ఎన్నో చూశాను. పెళ్లిలో వచ్చినవాళ్లందరికీ బట్టలు పెట్టి, పనంతా నెత్తిన వేసుకున్న మేనత్తను మరిచిపోతారు. పరాయివాళ్లయితే ఏమనుకుంటారోనని జాగ్రత్త పడతాం. మనవాళ్లు ఏమీ అనుకోరన్న ధీమాతో వాళ్ల వంతు ఎగ్గొడతాం. మీ మామగారు ఆ సాయంత్రం పదిహేడు పేర్లు విన్నారు. పద్దెనిమిదోది తనదేనని ఆయన సర్దుకుని కూర్చుని ఉంటారు. ఆ క్షణాన్ని ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుని తలచుకోండి. అప్పుడు జ్ఞాపిక ధర మాట మీకు గుర్తుకు రాదు.

ఇందులో మీ ఒక్కరి పొరపాటే లేదు, క్లబ్బుల పద్ధతి కూడా కొంత ఉంది. జులై 1న సంవత్సరం మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఎవరూ కుర్చీకి అతుక్కుపోకుండా అది మంచి ఏర్పాటే. కానీ ఏడాదికొకసారి కుర్చీ మారే చోట, ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్న మనిషి కంటికి ఆనడు. చూపూ వినికిడీ లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ 1925లో లయన్స్ మహాసభలో నిలబడి అంధుల కోసం పనిచేయమని అడిగారు. కంటి సేవ ఆ సంస్థకు గుర్తుగా నిలవడం అక్కడి నుంచే. మీ క్లబ్బులో ఆ పనిని మోసింది మీ మామగారే అయి ఉంటారు. శిబిరం అనగానే మీకు ఆయన గుర్తుకు రావడం చూస్తే అలాగే అనిపిస్తోంది.

ఫెలో గుర్తింపు మంచిదే, ఆ డబ్బు మంచి పనికే వెళుతుంది. ఇవ్వాలనుకుంటే మరో ఏడాది ఇవ్వండి, ఇప్పుడు మాత్రం వద్దు. మీరు మరిచిపోయిన పేరును డాలర్లు పెట్టి కొనుక్కొచ్చారని ఆయనకు తోస్తుంది. బడిపంతులుగా బతికిన మనిషికి అది ఇంకో దెబ్బ. జమ్మి సంగతి కూడా అంతే. దసరా నాడు వీధిలో ఎదురైన ప్రతి పెద్దమనిషి చేతిలోనూ జమ్మి పెట్టి మొక్కుతాం. అందరితో పాటు ఆయనకూ మొక్కితే జరిగినదాన్ని పండుగ కింద దాచేసినట్టు అవుతుంది. అంతదాకా ఆగకండి.

ఈ వారంలోనే వెళ్లండి. ఒంటరిగా వెళ్లండి. మీ భార్యను ముందుగా పంపి ఆయన మనసు కనుక్కోమనకండి. ఆమె ఇప్పటికే మీ ఇద్దరికీ టపా మోసి అలసిపోయింది. “నాన్నతో మాట్లాడు” అని ఇన్నాళ్లలో ఒక్కసారైనా అని ఉంటే, ముందు ఆమెకే క్షమాపణ చెప్పి బయలుదేరండి. శాలువా, పండ్లు, కొత్త జ్ఞాపిక ఏదీ పట్టుకెళ్లవద్దు. “మామయ్యా, జాబితా నేనే రాశాను. మీ పేరు రాయలేదు. తప్పు నాది” అనండి. అక్కడ ఆపేయండి. ‘రాత్రి పదకొండయింది, హడావుడిలో ఉన్నాను’ అని ఒక్క ముక్క చేర్చినా క్షమాపణ సంజాయిషీగా మారిపోతుంది. ఆయన మాట్లాడకపోవచ్చు. అత్తగారు ఇచ్చిన చాయ్ తాగి వచ్చేయండి, మళ్లీ నాలుగు రోజులకు వెళ్లండి. ఇరవై నాలుగేళ్ల మనిషి ఒక్క పూటలో కరగాలని కోరుకోవడం న్యాయం కాదు.

తప్పు అందరి ముందు జరిగింది కాబట్టి దిద్దుబాటు కూడా అందరి ముందే జరగాలి. వచ్చే సమావేశంలో, ఆయన వచ్చినా రాకపోయినా, లేచి నిలబడి జరిగింది చెప్పి మినిట్స్‌లో రాయించండి. ‘విశేష సేవలు అందించారు’ వంటి వాక్యం మాత్రం రాయించకండి, అది ఎవరికైనా సరిపోతుంది. ఆయన ఏ ఊళ్లలో శిబిరాలు పెట్టించారో, ఆపరేషన్‌కు భయపడిన ముసలివాళ్లను ఎలా ఒప్పించి బస్సెక్కించారో పాత సభ్యులను అడిగి, ఊరి పేర్లతో సహా రాయించండి.

ఇక కాలర్ మీ మెడలోకి వచ్చినా, పని ఇంకా మీ చేతికి రాలేదు. చలికాలం దాకా కంటి ఆపరేషన్ వద్దని మొండికేసే అవ్వకు, ఇప్పటి పద్ధతిలో ఏ కాలమైనా ఒకటేనని ఎవరు చెబితే ఆమె వింటుంది? ముందుగానే షుగరు, బీపీ చూపించుకోవాలని ఏ తండాలో ఎవరితో కబురు పంపాలి? శుక్లాలు తీశాక కొన్ని వారాలు చుక్కలు వేసే దిక్కులేని ఒంటరి మనిషి ఏ ఊళ్లో ఉన్నాడు? ఇవి రిజిస్టరులో ఉండవు. ఆయన తలలో ఉన్నాయి. ఆయనను బుజ్జగించడానికి కాకుండా, నిజంగా అవసరమై అడగండి. తేడా ఆయన పసిగడతారు.

అలాగని అధికారాన్ని తిరిగి ఆయన చేతిలో పెట్టమని నేను అనడం లేదు. నిర్ణయాలు మీవి, మీ కార్యవర్గానివి. వెంటనే తీర్మానం చేసి బ్యాంకులో సంతకాలు మార్పించండి. చెక్కులు ఇంటి అలకల మీద ఆధారపడకూడదు. నిన్నటి అధ్యక్షుడిగా కార్యవర్గంలో ఆయనకు చోటు ఎలాగూ ఉంది. శిబిరం పని నేర్పమని ఇద్దరు కుర్రవాళ్లను ఆయనకు అప్పగించండి. ‘అంతా నేను చెప్పినట్టే జరగాలి’ అని ఆయన పట్టుబడితే మర్యాదగానే కాదనండి. రాజీనామా ఆలోచన వదిలేయండి. కాలర్ మీ మెడలో వేసింది ఆయన. మీరు దాన్ని తీసి బల్ల మీద పెడితే ఆయన ఎంపికనే తప్పు పట్టినట్టు అవుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు క్షమాపణ ఒక్కటే. రెండోసారి ఆ బియ్యం సంచిలో వచ్చిన రిజిస్టర్లను వెంట తీసుకెళ్లండి. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, దేవరకొండ శిబిరానికి ముందుగా ఏ ఊరికి వెళ్లాలో అడిగి, మొదటి పేజీ ఆయన చేత తిప్పించుకోండి.