స్క్వాల్ అనాథాశ్రమానికి ఎలా వెళ్ళాడు? ఫైనల్ ఫాంటసీ 8 ముగింపు నాకు అర్థమైన తీరు

ఈ గేమ్‌లో చివరి శత్రువైన మంత్రగత్తె అల్టిమీషియాను ఓడించాక హీరో స్క్వాల్ తన చిన్నప్పటి అనాథాశ్రమంలో ఎందుకు తేలాడు, చచ్చిన మంత్రగత్తె మళ్ళీ అక్కడికి ఎలా వచ్చింది, ఆ ఎడారి ఏంటి, అసలు స్క్వాల్ బతికాడా లేదా అని అడిగారు. మొదటిసారి పూర్తి చేసినప్పుడు నా పరిస్థితి కూడా అచ్చం ఇదే. పాత ప్లేస్టేషన్‌లో నాలుగో డిస్క్ పెట్టి, ఆ చివరి కోటలో రెండు రాత్రులు కూర్చుని ఎండింగ్ దాకా వచ్చాను. అది అయిపోయాక ఏడుపైతే వచ్చింది గానీ, ఎందుకొచ్చిందో పక్కన కూర్చున్న మా అన్నయ్యకు చెప్పలేకపోయాను. 2019లో రీమాస్టర్ వచ్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి ఆడాను, ఈసారి ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎవరు ఎప్పుడు ఎవరి ఒంట్లో ఉన్నారో రాసుకుంటూ వెళ్ళాను. అప్పుడు తెలిసింది ఏంటంటే, ఎండింగ్‌కి కావలసిన మాటలన్నీ గేమ్ ఎప్పుడో చెప్పేసి ఊరుకుంటుంది, మనం అక్కడికి చేరేసరికి అవి మర్చిపోయి ఉంటాం.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఎలోన్‌ది, అంటే ఆశ్రమంలో స్క్వాల్ అక్కలా చూసుకున్న అమ్మాయిది. ఎలోన్ తనకు తెలిసిన మనిషి స్పృహను, తనకు తెలిసిన ఇంకో మనిషి గతంలోకి పంపగలదు. స్క్వాల్ ఉన్నట్టుండి నిద్రలోకి జారి లగూనా అనే సైనికుడి ఒంట్లో మేలుకునే సీన్లు గుర్తున్నాయి కదా, అవన్నీ తను చేసినవే. ఎందుకు చేసిందంటే, లగూనా భార్య రెయిన్‌కి బిడ్డ పుట్టే సమయానికి అతను ఆమె పక్కన ఉండేలా గతాన్ని మార్చాలని. చివరికి ఎలోనే ఒప్పుకుంటుంది, గతాన్ని మార్చలేమని. నా నోట్‌బుక్‌లో ఈ ఒక్క మాట కింద రెండు గీతలు గీసుకున్నాను. ఈ గేమ్‌లో కాలంలో వెనక్కి వెళ్ళి ఎవరు ఏం చేసినా అది కొత్తగా జరిగేది కాదు, ముందే జరిగిపోయిన దాంట్లో భాగం. దీన్ని పట్టుకుంటే మిగతా ముడులు వాటంతట అవే విడిపోతాయి.

ఇప్పుడు అల్టిమీషియా సంగతి. ఆమె ఎన్నో తరాల తర్వాత రాబోయే మంత్రగత్తె. ఎలోన్ శక్తిని అనుకరించే యంత్రం ఒకటి ఆ భవిష్యత్తులో ఉంటుంది, దానితో తన స్పృహను వెనక్కి పంపి పాతకాలపు మంత్రగత్తెల ఒంట్లో దూరుతుంది. డిస్క్ 1 చివర పరేడ్‌లో మనం చూసే మంత్రగత్తె ఇడియా, అంటే ఆ అనాథాశ్రమాన్ని నడిపినావిడ, నిజానికి ఇడియా కాదు, ఆమె ఒంట్లో ఉన్న అల్టిమీషియా. ఎలోన్ జోలికి రాకుండా కాపాడటానికే ఇడియా తన ఒంటిని అప్పగించిందని తర్వాత తెలుస్తుంది. ఆ యంత్రం అంత వెనక్కి తీసుకెళ్ళలేదు కాబట్టి అల్టిమీషియాకు అసలు ఎలోన్ కావాలి. ఇంకా వెనక్కి వెళ్ళి, టైమ్ కంప్రెషన్ చేసి, భూత భవిష్యత్ వర్తమానాలన్నిటినీ ఒక్క ముద్దగా కలిపేసి అందులో తను ఒక్కతే మిగలాలన్నది ఆమె కోరిక.

శాస్త్రవేత్త డాక్టర్ ఓడైన్ వేసిన ప్లాన్ ఇక్కడే చాలామందికి జారిపోతుంది, నాకూ జారిపోయింది. అల్టిమీషియాను చంపాలంటే ఆమె ఉన్న భవిష్యత్తుకు వెళ్ళాలి, మనుషులు మామూలుగా అక్కడికి వెళ్ళలేరు. అందుకని ఆమె కోరిక తీరేలా కావాలనే దారి ఇస్తారు. అడెల్ అనే ఇంకో మంత్రగత్తెను చంపేస్తే ఆ కాలంలో అల్టిమీషియా దూరడానికి, స్క్వాల్ ప్రేమించే రినోవా ఒక్కతే మిగులుతుంది, ఆమె అప్పటికే మంత్రగత్తె. అలా దూరిన అల్టిమీషియాను ఎలోన్ గతంలోకి పంపుతుంది, కంప్రెషన్ మొదలవుతుంది, వెంటనే ఎలోన్ రినోవాను, అల్టిమీషియాను వెనక్కి లాగేస్తుంది. అప్పటికే కలిసిపోతున్న కాలంలోంచి స్క్వాల్ వాళ్ళు నడుచుకుంటూ భవిష్యత్తులోకి వెళ్ళిపోతారు. అంటే టైమ్ కంప్రెషన్ ఆమె ఆయుధమే, వీళ్ళకు మాత్రం అదే దారి. అక్కడికి చేరాక సముద్రపు ఒడ్డున తెల్ల యూనిఫామ్‌లో పడి ఉన్న సీడ్‌ల, అంటే స్క్వాల్ లాగే శిక్షణ పొందిన సైనికుల, శవాలు కనిపిస్తాయి. మొదటిసారి వాటి పక్కనుంచే పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయాను. రెండోసారి ఆగి చూస్తే గుండె జారిపోయింది, ఎందుకంటే ఆ ఒడ్డు ఇడియా అనాథాశ్రమం ఉన్న ఒడ్డే. అల్టిమీషియా కోటకు కట్టిన గొలుసులు దిగేది అక్కడికే.

ఇక చివరి ఫైట్. అల్టిమీషియా ఆఖరి రూపంలో ఉన్నప్పుడు మధ్యమధ్యలో ఒక్కో మాట అంటూ ఉంటుంది, మనం హెచ్‌పీ, అంటే ఎంత ప్రాణం మిగిలిందో, చూసుకునే టెన్షన్‌లో చదవం. నేను రెండోసారి కావాలనే దెబ్బలు ఆపి, డిఫెండ్ చేసుకుంటూ అన్నీ చదివాను. మీ బాల్యాన్ని తలచుకోండి, మీ స్పర్శ, మీ మాటలు, మీ భావాలు అంటుంది, కాలం ఆగదు, ఎంత గట్టిగా పట్టుకున్నా చేజారుతుంది అంటుంది, ఆ తర్వాత ఇంకేదో అనబోయి మాట మధ్యలోనే పోతుంది. మామూలుగా బాస్ తిట్లు తిట్టి చస్తుంది, ఈమె మాత్రం తర్వాత రాబోయే సీన్ ఏంటో మనకు చెప్పి చస్తుంది. ఆ వెంటనే స్క్వాల్ తేలేది బాల్యంలోనే.

కంప్రెషన్ విడిపోతున్నప్పుడు వెనక్కి రావాలంటే ఒక చోటును తలచుకోవాలి, నీ వాళ్ళు ఉన్నారని నువ్వు నమ్మాలి, నువ్వున్నావని వాళ్ళు నమ్మాలి. ఇదీ ముందే చెప్పిన నియమం. అందరూ ఇడియా ఇంటినే మనసులో పెట్టుకుంటారు. స్క్వాల్ కూడా ఆ ఇంటికే చేరతాడు, కాకపోతే చోటు సరిగ్గానే దొరికి కాలం తప్పుతుంది. తను చిన్నపిల్లాడిగా ఉన్నప్పటి ఇంటికి వెళ్ళిపోతాడు. అక్కడ చిన్న స్క్వాల్ అక్క కోసం, అంటే ఎలోన్ కోసం వెతుక్కుంటూ పరిగెడుతుంటాడు. పిల్లాడు కనిపించాడా అని ఇడియా అడిగితే పెద్ద స్క్వాల్, కంగారు పడకండి, వాడు ఎక్కడికీ పోడు అంటాడు. ఈ జవాబు ఎంత సహజంగా వస్తుందో చూడండి, తన సంగతి తనకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

అప్పుడే కొన ఊపిరితో అల్టిమీషియా వస్తుంది. ఇది మీ రెండో ప్రశ్నకు జవాబు. మంత్రగత్తె తన శక్తిని ఇంకొకరికి అప్పగించే దాకా ప్రశాంతంగా చావలేదు. పిల్లల్లో ఎవరికీ ఈ శాపం అంటకూడదని ఇడియానే ముందుకొచ్చి ఆ శక్తి తీసుకుంటుంది. తర్వాత నువ్వెవరు అని అడిగితే స్క్వాల్ తను బాలంబ్ గార్డెన్ అనే సైనిక పాఠశాల నుంచి వచ్చిన సీడ్‌నని చెబుతాడు. ఆమెకు ఆ రెండు మాటలూ కొత్తవి. గార్డెన్, సీడ్ రెండూ మీ ఆలోచనలేనని, మంత్రగత్తెను ఓడించడానికే సీడ్‌లకు శిక్షణ ఇస్తారని చెబుతాడు. అక్కడి నుంచే ఇడియా వాటిని మొదలుపెడుతుంది.

అయితే ఆ ఆలోచన మొదట ఎవరిది? ఇడియాకు స్క్వాల్ చెప్పాడు, స్క్వాల్‌కు ఇడియా పెట్టిన గార్డెన్‌లో తెలిసింది. విత్తు ముందా చెట్టు ముందా అని మనం అనే మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది, పైగా ఈ కథలో పేర్లే విత్తు, తోట. నేను ఎన్ని రోజులు దీనికి మొదలు వెతికానో చెప్పలేను, కాగితం మీద బాణాలు గీస్తే అవి గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చేవి. దీనికి మొదలు లేదు. గేమ్ దాచిపెట్టిందని కాదు, గతం మారదన్న నియమం ఉన్న కథలో మొదలు ఉండదు. తనను చంపబోయే సీడ్ గురించి భయపడి అల్టిమీషియా ఇదంతా మొదలుపెడుతుంది, ఆ ప్రయత్నమే సీడ్‌ను పుట్టిస్తుంది. కోటలో ఆమె సీడ్‌ల మీద అంత అసహ్యంతో, తరతరాలుగా మిడతల్లా వచ్చి పడుతున్నారని అరవడం వెనక ఉన్నది నాకు తెలిసి అలసటే.

పోల్చి చూడటానికి 1987లో వచ్చిన మొదటి ఫైనల్ ఫాంటసీ ఉంది. అందులో గార్లాండ్ చచ్చిపోతూ 2000 ఏళ్ళు వెనక్కి వెళ్ళి కేయాస్ అవుతాడు, అక్కడి నుంచి రాక్షసులను భవిష్యత్తుకు పంపుతాడు, వాళ్ళు మళ్ళీ అతన్ని వెనక్కి పంపుతారు. కానీ ఆ కథలో హీరోలు వెనక్కి వెళ్ళి ఆ చక్రాన్ని తెంపేస్తారు, అందుకే వాళ్ళ సాహసం ఎవరికీ గుర్తుండదు. ఎనిమిదో దాంట్లో చక్రం తెగదు. అందుకే అందరికీ అంతా గుర్తుంది, గార్డెన్ ఉంది, ఎండింగ్‌లో అక్కడ పార్టీ జరుగుతోంది.

ఇప్పుడు ఎడారి. దీన్ని టైమ్ లూప్‌తో కలిపి చూడటం వల్లే గందరగోళం అని నా అభిప్రాయం. అక్కడ లూప్ అయిపోయింది, చక్రం పూర్తయింది. నువ్వు ఇక్కడి వాడివి కావు, వెళ్ళిపో అని ఇడియా పంపేశాక స్క్వాల్ తిరిగి తన కాలానికి రావాలి, రాలేకపోతున్నాడు. ఎందుకు? యుద్ధంలో సాయానికి పిలిచే గార్డియన్ ఫోర్స్‌లు అనే శక్తులను వాడితే జ్ఞాపకాలు పోతాయి, ట్రాబియా గార్డెన్‌లో బాస్కెట్‌బాల్ కోర్టులో జట్టులోని అర్విన్ చెప్పేదాకా వీళ్ళకు తామంతా ఒకే ఆశ్రమంలో పెరిగామనే గుర్తులేదు. అలాంటి కుర్రాడు ఇప్పుడు కేవలం జ్ఞాపకాన్ని పట్టుకుని ఇంటికి రావాలి. ఎండి పగిలిన నేల మీద ఒక్కడే నడుస్తాడు, చివరికి ఆ నేల కూడా ఆకాశంలో తేలే రాతిముక్కంత మిగులుతుంది. రినోవా ముఖాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూస్తాడు. డ్యాన్స్ చేసిన రాత్రి మళ్ళీ మళ్ళీ వస్తుంది గానీ ముఖం చెదిరిపోతుంది, మసకవుతుంది, స్పేస్ సూట్ హెల్మెట్ అద్దం పగులుతుంది. చిన్నప్పటి నుంచీ ఎవరి మీదా ఆధారపడకూడదని బిగుసుకుపోయిన వాడికి, నువ్వున్నావని ఇంకొకరు నమ్మితేనే ఇంటికి చేరతావు అన్న నియమం పెట్టారు చూడండి, ఆ సీన్ ఎప్పుడు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది. తనంతట తను రాలేకపోతాడు, పడిపోతాడు. రినోవా వెతుక్కుంటూ వచ్చి దొరకబుచ్చుకుంటుంది, మబ్బులు తొలగి ఆ చోటు పూలతోటగా మారుతుంది.

బతికాడా అంటే బతికాడు. డిస్క్ 1 చివర మంచు ఈటె తగిలినప్పుడే చనిపోయాడు, మిగతాదంతా కల అనే థియరీ నేనూ చదివాను, నాకు నచ్చదు, ఎందుకంటే అది ఒప్పుకుంటే లగూనా, ఎలోన్, ఇడియాల కథలన్నిటినీ చెత్తబుట్టలో వేయాలి. రినోవానే తర్వాత అల్టిమీషియా అవుతుందన్న ఇంకో థియరీని డైరెక్టర్ యోషినోరి కితాసే 2019లో ఒక ఇంటర్వ్యూలో కాదన్నారు, ఇద్దరూ మంత్రగత్తెలే గానీ ఒక్కరు కాదని.

మీ దగ్గర సేవ్ ఫైల్ ఉంటే డిస్క్ 3లో ఇడియా ఇంటి దగ్గర, పూలతోటలో స్క్వాల్, రినోవా మాట్లాడుకునే సీన్ ఇంకోసారి చూడండి. తను చెడ్డ మంత్రగత్తెగా మారిపోతానేమోనని ఆమె భయపడుతుంటే, ఇక్కడే ఉంటాను, నీ కోసం ఎదురుచూస్తుంటాను, ఇక్కడికొస్తే నేను దొరుకుతాను అని అతను మాట ఇస్తాడు. ఎండింగ్‌లో దొరికింది అందుకే. అది చూశాక గేమ్ ఆపేసి కొత్త గేమ్ నొక్కండి, ఆడక్కర్లేదు. అలలు, పూలు, ఆ పాట మొదలయ్యే మొదటి వీడియోలో తెర మీద ఒక్కొక్కటిగా మెరిసి మాయమయ్యే అక్షరాలు చదవండి. అవి ఆ మాటలే.