సైగలతోనే మాట్లాడుకున్నారా అంటే… ముందు బూరల సంగతి వినండి

"యూరప్ ఓడలు కొత్త తీరాలకు చేరినప్పుడు, భాష రాకుండా అక్కడివాళ్ళతో ఎలా మాట్లాడారు? సైగలతోనేనా?" అని అడిగారు. సైగలు చేశారు, నిజమే. ప్రాణాలు పోయింది కూడా ఎక్కువగా ఆ సైగల దగ్గరే.

1642 డిసెంబర్ 18 సాయంత్రం సంగతి చూడండి. డచ్ కంపెనీ తరఫున బటావియా నుంచి, అంటే ఇప్పటి జకార్తా నుంచి, బయల్దేరిన అబెల్ టాస్మాన్ న్యూజిలాండ్ దక్షిణ దీవి పైకొసన, ఇప్పుడు గోల్డెన్ బే అంటున్న చోట, తన రెండు ఓడలకూ లంగరు వేయించాడు. చీకటి పడుతుండగా ఒడ్డు నుంచి రెండు పడవలొచ్చాయి. అందులోని మావోరీలు, అంటే న్యూజిలాండ్ మూలవాసులు, బొంగురు గొంతులతో ఏదో కేకేశారు, తర్వాత బూర లాంటిది ఊదారు. టాస్మాన్ దగ్గర బటావియాలో ఇచ్చి పంపిన పదాల పట్టిక ఉంది గానీ వాళ్ళ మాటలు దానితో కలవలేదు. సరే, వాళ్ళు ఊదారు కాబట్టి మనమూ ఊదుదామని ట్రంపెట్ వచ్చిన నావికుడితో ఊదించాడు. వాళ్ళు మళ్ళీ ఊదారు. వీళ్ళూ మళ్ళీ ఊదారు. డచ్చివాళ్ళకు అదో కచేరీ. ఎదుటి పక్షం శంఖం పూరించాక మనమూ పూరిస్తే దాని అర్థమేమిటో మహాభారతం విన్న ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

తెల్లారాక 13 మందితో ఒక పడవ రాతివేటు దూరందాకా వచ్చింది. డచ్చివాళ్ళు తెల్లబట్ట, చాకులు ఎత్తి చూపించారు. ముక్కూమొహం తెలియనివాడికి చాకు ఎత్తి చూపిస్తే అది బేరమో బెదిరింపో అతనికెలా తెలుస్తుంది? అదే పూట ఓడ అధికారులు కూర్చుని, వీళ్ళు స్నేహం కోరుతున్నట్టుంది, ఒడ్డుకు ఇంకాస్త దగ్గరగా జరుగుదామని తీర్మానం కూడా చేశారు! ఇంతలో రెండు ఓడల మధ్య ఏడుగురితో వెళ్తున్న చిన్న పడవను ఒక మావోరీ పడవ జోరుగా వచ్చి గుద్దింది. నలుగురు పోయారు, ముగ్గురు ఈదుకుంటూ బయటపడ్డారు. టాస్మాన్ ఆ చోటికి హంతకుల అఖాతం అని పేరు పెట్టి, ఆ దేశపు నేల మీద ఒక్కసారైనా కాలు పెట్టకుండానే వెళ్ళిపోయాడు. అయినా పుస్తకాల్లో "న్యూజిలాండ్‌ను కనుగొన్నాడు" అనే రాస్తారు. ఆ బూర ఊదినవాళ్ళు మరి ఎక్కడున్నట్టు?

మళ్ళీ యూరప్ ఓడ అక్కడికి రావడానికి 127 ఏళ్ళు పట్టింది. 1769 అక్టోబర్ 8న ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్ ఓడ ఎండీవర్ తూరంగనుయి నది దగ్గర, ఇప్పటి గిస్బోర్న్‌లో ఆగింది. ఒడ్డున పడవకు కాపలా ఉన్న ఓడ కుర్రాళ్ళ మీదికి నలుగురు మావోరీలు ఈటెలతో వస్తుంటే కుక్ మనుషులు వాళ్ళ తలల మీదుగా తుపాకీ పేల్చారు. మొదటిసారికి వాళ్ళు ఆగి చుట్టూ చూశారు. రెండోసారికి పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకుంటారు? తుపాకీ ఎరగనివాడికి అది ఉత్త చప్పుడే కదా. మూడోది నేరుగా పేల్చితే తె మారో అనే అతను అక్కడికక్కడే చనిపోయాడు. హెచ్చరిక అనేది ఇద్దరికీ తెలిసిన భాష అయితేనే హెచ్చరిక.

మర్నాడు మాత్రం కథ కొంత మారింది. దానికి కారణం కుక్ కాదు, తుపాయా. పసిఫిక్ సముద్రంలో తాహితీ దగ్గరి రైయతేయా దీవి పూజారి, సముద్రపు దారులు తెలిసినవాడు, తాహితీలో కుక్ ఓడెక్కాడు. నది అవతలి ఒడ్డున ఆయుధాలతో వీరంగం వేస్తున్న మావోరీలతో తన తాహితీ భాషలో మాట్లాడితే వాళ్ళకు అర్థమైపోయింది. మావోరీలో చేప "ఇక", తాహితీలో "ఇఅ". మనిషి "తంగత", అక్కడ "తఅత". పడవ "వక", అక్కడ "వఅ". మన పాలు కన్నడంలో హాలు అయినట్టు, చెవి కాస్త సర్దుకుంటే చాలు. ఒకతను ఈదుకుంటూ నది మధ్యలోని బండ దాకా వచ్చాడు. కుక్ తుపాకీ పక్కన పెట్టి ఎదురెళ్ళాడు. ఇద్దరూ ముక్కూ ముక్కూ ఆనించి పలకరించుకున్నారు. ఆ బండను 1877లో రేవు పనుల కోసం పేల్చేశారు, అది వేరే ఏడుపు.

కొత్త తీరాలవాళ్ళు యూరప్ వాళ్ళ పూసలకు మురిసిపోయారనే కథ కూడా ఇక్కడే తేలిపోతుంది. పూసలూ ఇనుమూ ఇస్తే వాళ్ళు పెద్దగా లెక్కచెయ్యలేదు, ఆయుధాలు అడిగారు. తె రాకౌ అనే అతను ఖగోళ శాస్త్రజ్ఞుడు చార్లెస్ గ్రీన్ కత్తి లాక్కుంటే కాల్చి చంపారు. దుబాసీ తుపాయా పక్కనే ఉండి కూడా ఆపలేకపోయాడు.

తర్వాతి నెలల్లో నీళ్ళూ చేపలూ బేరమాడి తెచ్చుకోగలిగారంటే చాలావరకు తుపాయా పుణ్యమే. 1770 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా బోటనీ బేలో అదే మనిషి, అదే ఓడ. కానీ అక్కడి మూలవాసులైన గ్వియగల్ వాళ్ళ మాట ఆయనకు ఒక్కటీ అందలేదు. వాళ్ళు ఇద్దరే ఒడ్డున నిలబడి దిగొద్దని అడ్డుపడితే కుక్ దగ్గర మళ్ళీ తుపాకీయే మిగిలింది.

ఆ ఏడాది చివర్లో తుపాయా బటావియాలో జబ్బుపడి పోయాడు. 1773లో కుక్ న్యూజిలాండ్ వెళ్తే మావోరీలు ఓడెక్కుతూనే తుపాయా ఏడని అడిగారు. లేడని తెలిసి ఏడ్చారు. ఆ వెంటనే, మీరే చంపారా, తనంతట తాను పోయాడా అని అడిగారు.