ఆరు సెకన్ల డ్రమ్స్, దాని వెనుక కాగితం

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. డ్రమ్స్ బాగా వాయిస్తాడు. పాత అమెరికన్ ఫంక్ రికార్డుల్లోంచి ముక్కలు కత్తిరించి బీట్లు కడుతూ, ఇదే నా వృత్తి అంటున్నాడు. నమ్మవచ్చా? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, అది వృత్తే. అయితే ఆ ముక్కలు వాయించినవారికి ఏం దక్కిందో మీ అబ్బాయి ముందుగా తెలుసుకోవాలి.

1969 నవంబరులో అమెరికాలోని సిన్సినాటిలో, లయ ప్రధానమైన ఫంక్ సంగీతపు గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం ‘ఫంకీ డ్రమ్మర్’ అనే పాట రికార్డు చేస్తున్నప్పుడు, తక్కిన వాద్యాలు ఆగిపోగా క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ ఒక్కడే కొద్ది సెకన్లు డ్రమ్స్ వాయించాడు. ఇలాంటి ఘట్టం కోసమే జనం నాట్యానికి కాచుకుని ఉంటారని 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ గమనించి, ఒకే రికార్డు ప్రతులు రెండు పక్కపక్కన పెట్టి, ఒకటి మోగుతుండగా రెండోదాన్ని వెనక్కి తిప్పుతూ ఆ ఘట్టాన్ని సాగదీశాడు. తరువాత ఆ పనిని యంత్రాలు అందుకున్నాయి. రికార్డులోంచి శబ్దం ముక్క తీసుకుని, కావలసినప్పుడల్లా మోగించే యంత్రమే సాంప్లర్. 1987లో వచ్చిన ఎస్పీ-1200 సాంప్లర్‌లో మొత్తం పది సెకన్ల శబ్దమే పట్టేది కనుక, గానమూ గిటారూ కలవని పొట్టి డ్రమ్స్ ముక్కే అందరికీ కావలసి వచ్చింది.

స్టబుల్‌ఫీల్డ్ వాయింపు, బీటు మీద మాటలు లయగా పలికే ఎన్నో హిప్‌హాప్ పాటలకు పునాది అయినా, పాట రచయితగా అతని పేరు లేనందున రాయల్టీ (పాట వాడుకున్నందుకు వచ్చే వాటా) అతనికి చేరలేదు. ఇలాగే ముక్కలుగా వాడుకున్న మరో పాట ‘ఆమెన్, బ్రదర్’లో ఆరు సెకన్లు వాయించిన గ్రెగరీ కోల్‌మన్ 2006లో నిలువ నీడ లేకుండా కన్నుమూశాడు. 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అనుమతి లేని సాంప్లింగును, అంటే ఇలా ముక్కలు తీసి వాడుకోవడాన్ని, దొంగతనంగా పరిగణించిన తరువాత, రికార్డు యజమాని దగ్గరా పాట హక్కుదారు దగ్గరా వేర్వేరుగా అనుమతి కొనడం ఆనవాయితీ అయింది, ఆ సొమ్ములోనూ డ్రమ్మర్‌కు వాటా ఉండాలన్న నియమం లేదు.

మన కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ వాద్యకారులకు కూడా రాయల్టీ హక్కు ఇచ్చింది గాని, కాల్‌షీటుకు ఇంతని డబ్బు తీసుకుని వచ్చేసేవారికి అది వసూలు కావడం కష్టమే. అందుచేత ఏదైనా డిగ్రీ చదువుతూనే సౌండ్ ఇంజనీరింగ్ నేర్చుకోనివ్వండి. డ్రమ్స్ వచ్చినవాడు కనుక తన ముక్కలు తానే వాయించి రికార్డు చేసుకోవడం అతనికి అన్నిటికన్నా మేలు. ఇతరులతో కలిసి చేసిన పాటకు ఎవరి వాటా ఎంతో ఆ రోజే రాసి సంతకాలు పెట్టించాలి. ఇంతవరకు కట్టిన బీట్లలో ఏది ఏ రికార్డులోదో ఒక నోటుపుస్తకంలో రాయించండి. అనుమతి లేనివాటిని అభ్యాసానికి ఉంచుకోమని, ఇంటర్నెట్‌లో విడుదల చేయవద్దని చెప్పండి.