ఇంట్లో ఒంటరిగా వదిలితే కుక్క మొరుగుతోంది, ఏం చేయాలి?

ఇద్దరూ ఆఫీసుకు వెళ్లగానే కుక్క ఆపకుండా మొరుగుతోందని పక్క ఫ్లాటువారు ఫిర్యాదు చేస్తుంటే, ముందుగా కారణం తెలుసుకోవాలి. పాత ఫోనులో వీడియో రికార్డింగు పెట్టి, గుమ్మం కనిపించేలా ఉంచి బయటకు వెళ్లండి.

లిఫ్టు చప్పుడుకో, మెట్ల మీద అడుగులకో మొరిగి మళ్లీ పడుకుంటే అది కాపలా బుద్ధి మాత్రమే. గుమ్మానికి దూరపు గదిలో ఉంచి, ఫ్యానో రేడియోనో నడవనిస్తే చాలావరకు తగ్గుతుంది. విసుగుతో మొరిగే కుక్కకు ఉదయం మంచి నడక, పెరుగన్నం కూరి ఫ్రీజరులో గట్టిపరచిన రబ్బరు బొమ్మ సరిపోతాయి.

అలా కాక, తలుపు వేసిన కొద్ది నిమిషాలకే ఊళపెడుతూ, చొంగ కారుస్తూ, తలుపు గీరుతూ, ఆ పెరుగన్నాన్ని కూడా ముట్టకపోతే అది ఒంటరితనపు భయం. అదిలిస్తే ఆ భయం మరింత పెరుగుతుంది; మొరిగితే కరెంటు షాకు కొట్టే మెడపట్టీల (షాకు కాలర్ల) జోలికి అసలు పోవద్దు. తాళంచెవుల గలగలతోనే కంగారు మొదలవుతుంది కాబట్టి, రోజుకు కొన్నిసార్లు చెప్పులు వేసుకుని, తాళాలు తీసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ సోఫాలో కూర్చోండి. తరువాత తలుపు అవతల 10 సెకన్లు, 30 సెకన్లు, ఒక నిమిషం చొప్పున, కుక్క బెదరకముందే తిరిగివచ్చేలా వ్యవధిని పెంచుతూ పోవాలి. ఇందుకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ రోజుల్లో దానిని పూర్తిగా ఒంటరిగా వదలకపోవడమే, నిజం చెప్పాలంటే, అన్నిటికంటే కష్టమైన పని.

అప్పటికీ తగ్గకపోతే పశువైద్యులను సంప్రదించండి. ఈ సమస్యకు క్లోమిప్రమైన్ అనే మందును అమెరికాలో 1998లోనే అనుమతించారు, అయితే అది శిక్షణకు తోడే గాని బదులు కాదు.