మెషిన్ రూమ్ లేని లిఫ్టు ఎక్కిస్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బెజవాడ సైటు నీ చేతికి ఇచ్చారని అమ్మ చెప్పింది. నువ్వు పంపిన డ్రాయింగ్ చూశాను. స్టిల్టు మీద ఆరు అంతస్తులు, ఎనిమిది మంది లిఫ్టు, సెకనుకు 1 మీటరు వేగం, 2:1 రోపింగ్ (రోపు చివర్లు పైన కట్టేసి, క్యాబిన్, కౌంటర్‌వెయిట్ పుల్లీల మీదుగా తిప్పే పద్ధతి). మెషిన్ షాఫ్ట్ లోపలే, గైడ్ రైళ్ల తలమీద.

ఇంతవరకు నువ్వు చేసిన లిఫ్టుల్లో పైన గది ఉండేది, గదిలో గర్డర్ల మీద మెషిన్ ఉండేది. బరువంతా గోడలకూ బీములకూ పోయేది. రైలు పని క్యాబిన్‌ని దారిలో నడపడం, క్యాబిన్ హద్దు మీరిన వేగంతో దిగితే రైలును పట్టి ఆపే సేఫ్టీ గేర్ పట్టినప్పుడు తట్టుకోవడం, అంతే. 1996లో కోనే వాళ్లు మోనోస్పేస్ తెచ్చి, పలచటి గేర్‌లెస్ మోటారును రైలుకే బిగించినప్పటి నుంచి రైలు ఇంకో పని కూడా చేస్తోంది. అది స్తంభం కూడా. ఈ ఒక్క సంగతి నీ మనసులో ఉంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో నీకే అర్థమవుతాయి.

ముందు బరువు లెక్క చూడు. ఖాళీ క్యాబిన్ 900 కిలోలు అనుకో. మనిషికి 68 కిలోల చొప్పున ఎనిమిది మందికి 544. ఖాళీ క్యాబిన్‌కూ సగం లోడుకూ సరితూగేలా అవతల వేలాడే కౌంటర్‌వెయిట్ 1,172. 2:1 రోపింగ్ కాబట్టి ఈ మూడింటి మొత్తంలో సగం, అంటే 1,308 కిలోలు షీవ్ (రోపును తిప్పే మెషిన్ చక్రం) మీద పడుతుంది. మిగతా సగం రోపుల చివర్లు కట్టే హిచ్‌ల మీద పడుతుంది. నీ డ్రాయింగ్‌లో ఆ హిచ్‌లు కూడా రైళ్లకే ఉన్నాయి, చూసుకో. మెషిన్, దాని కింది ఇనుప చట్రం (బెడ్) కలిపి ఇంకో 370. మొత్తం మూడు టన్నులకు దగ్గర, రోపుల బరువు కాక. ఇదంతా రైళ్ల వెంట కిందికి దిగి పిట్ (షాఫ్ట్ అడుగు గుంట) నేలమీద కూర్చుంటుంది. నాలుగు రైళ్లూ (క్యాబిన్‌కు రెండు, కౌంటర్‌వెయిట్‌కు రెండు) సమానంగా పంచుకోవు కూడా. మెషిన్ ఏ రైళ్లకు ఆనుకుందో వాటి మీదే ఎక్కువ.

అందుకే పని పిట్ దగ్గర మొదలుపెట్టు, అక్కడ తొందరపడకు. క్యాబిన్ రైలు ఒక్కదాన్నే తీసుకుందాం. మెషిన్ వాటాగా ఒక టన్ను వచ్చిందనుకో. 23 మీటర్ల టీ89/బీ సైజు రైలు సొంత బరువు మీటరుకు 12.3 కిలోల లెక్కన 283 కిలోలు. ప్రోగ్రెసివ్ (క్రమంగా పట్టి ఆపే) సేఫ్టీ గేర్ పట్టినప్పుడు రెట్టింపు లెక్క కట్టాలి కాబట్టి నిండు క్యాబిన్‌కు ఒక్కో రైలు మీద సుమారు 14 కిలోన్యూటన్లు. అన్నీ కలిపితే 27 కిలోన్యూటన్ల దరిదాపు. రైలు అడుగు వైశాల్యం 15.7 చదరపు సెంటీమీటర్లే. రైలును నేరుగా కాంక్రీటు మీద నిలబెడితే చదరపు మిల్లీమీటరుకు 17 న్యూటన్ల ఒత్తిడి. ఎం20 కాంక్రీటును అంత ఒత్తిడికి గురిచేయకూడదు, నలుగుతుంది. అదే 200 మి.మీ. చదరం, 12 మి.మీ. మందం ఉన్న ప్లేటు వేస్తే 0.7కు దిగిపోతుంది. ప్లేటు కింద వాటర్‌ప్రూఫింగ్ ప్లాస్టర్ ఉంటే దాన్ని చెక్కించి గట్టి కాంక్రీటు దాకా వెళ్లు. రసమట్టంతో ప్లేటు సరిచేసి, కింద కుదించుకోని గ్రౌట్ పోయించు. ఇసుక సిమెంటు ముద్దతో సరిపెడతామంటే ఒప్పుకోకు. అది ఆరాక కుదించుకుని ప్లేటు కింద సందు వదులుతుంది.

రైలు అడుగు ప్లేటుకు పూర్తిగా ఆనాలి. పాత లిఫ్టుల అలవాటుతో కొందరు మొదటి రైలును గోడకు పట్టి ఉంచే బ్రాకెట్ల క్లిప్పులకు బిగించి, అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉన్నా పట్టించుకోరు. ఇక్కడ ఆ సందు ఉంటే రోపులు వేసిన రోజునే క్లిప్పుల్లోంచి రైలు జారి కూర్చుంటుంది. ఒక రైలు జారి ఇంకోటి జారకపోతే పైన బెడ్ వాలుతుంది, షీవ్ వాలుతుంది, రోపు గాడి అంచును రాసుకుంటూ నడుస్తుంది. ఆర్నెల్లకు రోపులో తీగలు తెగడం మొదలైతే అందరూ రోపు నాణ్యతను తిడతారు. కారణం పిట్‌లో ఉంటుంది.

రైలు 5 మీటర్ల ముక్క, ఒక్కోటి 61 కిలోల పైనే. నాలికె ఉన్న చివర పైకి, గాడి ఉన్న చివర కిందికి వచ్చేలా ఎక్కించు. గాడి పైకి ఉంటే షాఫ్ట్‌లో రాలే సిమెంటు, ఇసుక అందులో చేరి పై రైలును కూర్చోనివ్వవు. ఎక్కించే ముందు రెండు చివరలూ కిరోసిన్‌తో తుడువు, బొడిపెలుంటే సన్న ఆకురాయితో తీసెయ్. జాయింట్‌లో రెండు రైళ్ల ముఖాలు ఒకదానికొకటి ఆనాయో లేదో ఫీలర్ గేజ్ పెట్టి చూడు. భారం రైలు నుంచి రైలుకు నేరుగా దిగాలి గానీ రెండు రైళ్లను కలిపే ఫిష్ ప్లేటు బోల్టుల మీదుగా కాదు. నడిచే ముఖాల మీద మెట్టు 0.05 మి.మీ. మించకూడదు. మించితే అక్కడొక్కచోటే గీకి వదిలెయ్యకు, కనీసం 150 మి.మీ. పొడవున సవరించు, లేకపోతే ప్రతి జాయింట్ దగ్గరా క్యాబిన్ కుదుపు కొడుతుంది. ఎదురెదురు రైళ్ల జాయింట్లు ఒకే ఎత్తులో పడకుండా కింద ముక్కల పొడవు మార్చుకో. ఫిష్ ప్లేటు బోల్టులు టార్క్ రెంచ్‌తోనే, కంపెనీ ఇచ్చిన అంకెకు. బిగించినదానికి పెయింట్ గీత పెట్టు.

ఇక బ్రాకెట్లు. మామూలు లిఫ్టులో 2.5 మీటర్లకొకటి అంటే నడిచిపోయింది. స్తంభానికి ఆ లెక్క కుదరదు. టీ89/బీ రైలు గైరేషన్ రేడియస్ (వంగకుండా నిలిచే గుణానికి కొలత) బలహీనమైన వైపు 18 మి.మీ. చిల్లర. 2.5 మీటర్ల దూరానికి నిష్పత్తి 137 వస్తుంది, ఒమేగా గుణకం (వంగే ప్రమాదం కొద్దీ ఒత్తిడిని పెంచి లెక్కకట్టే అంకె) 3 దాటుతుంది. బ్రాకెట్లు 1.5 మీటర్లకు దగ్గర చేస్తే నిష్పత్తి 82, గుణకం 1.6 దగ్గర. రైలు అదే, బరువు అదే, బక్లింగ్ (నొక్కుడుకు వంగిపోవడం) లెక్కలో ఒత్తిడి మాత్రం సగం. కాబట్టి డ్రాయింగ్‌లో ఇచ్చిన దూరాన్ని సైటు సౌకర్యం కోసం పెంచకు. బీము అడ్డొస్తే బ్రాకెట్‌ను దగ్గరకు జరుపు, దూరానికి కాదు. వంగుడు క్యాబిన్ రైలుకు ఏ వైపైనా 5 మి.మీ. మించకూడదని యూరప్ లిఫ్టు ప్రమాణం ఈఎన్ 81-20 చెబుతుంది.

మెషిన్ బరువు రైలు మధ్యగీత మీద పడదు, బెడ్ పక్కకు ఉంటుంది. షీవ్ లాగుడు, మెషిన్, బెడ్ కలిపి 1,680 కిలోలు 150 మి.మీ. పక్కన వేలాడితే, 1.5 మీటర్ల దూరంలో ఉన్న రెండు పై బ్రాకెట్లలో ఒకటి గోడను 168 కిలోలతో నెడుతుంది, ఇంకోటి అంతే బలంతో లాగుతుంది. అంకె చిన్నదే. కానీ రోజంతా అదురుతూ లాగే లాగుడు అది. అందుకని బెడ్‌కు ఆనుకుని ఉన్న బ్రాకెట్లు మాత్రం కాంక్రీటులోనే ఉండాలి.

మన అపార్ట్‌మెంట్లలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. కాలమ్‌లు, బీములు కాంక్రీటువి, మధ్యలో ఇటుక గోడ. ఎక్స్‌పాన్షన్ ఫాస్టనర్ ఇటుకలో వేస్తే బిగించేటప్పుడే ఇటుక చీలుతుంది, చీలకపోతే అదురుకు నెలల్లో వదులవుతుంది. ఏఏసీ (గుల్ల కాంక్రీటు) బ్లాకు అయితే ఇంకా అధ్వానం. రైలు ఎక్కించకముందే బిల్డర్‌తో మాట్లాడి, బ్రాకెట్ పడే ప్రతి ఎత్తులోనూ కాంక్రీటు బ్యాండ్ పోయించు. అప్పటికే గోడ లేచిపోయి ఉంటే ఆ చోట్లలో గోడ అవతలికి బోల్టు దూర్చి, అవతల ప్లేటు పెట్టి బిగించడమో, కాలమ్ నుంచి కాలమ్‌కు స్టీల్ చానెల్ వేయడమో చెయ్యాలి. కాంక్రీటులో కూడా రంధ్రం కొట్టాక బ్రష్, గాలి పంపు పెట్టి పొడి తీసెయ్. కెమికల్ యాంకర్‌కు ఈ పొడే శత్రువు. పట్టినట్టే కనిపించి లాగితే ఊడి వస్తుంది.

క్లిప్పుల విషయంలో డ్రాయింగ్ ఏం చెబితే అదే. బిగించాక క్లిప్పు నుంచి రైలు మీదికి పెయింట్ గీత పెట్టు. జారే క్లిప్పు ఇచ్చిన చోట గట్టి క్లిప్పు పెట్టకు. కొత్త కట్టడం ఎండేకొద్దీ, బరువులెక్కేకొద్దీ నిలువునా కొంచెం కుదించుకుంటుంది. రైలు ఇనుము, అది కుదించుకోదు. క్లిప్పు జారనివ్వకపోతే గోడ రైలును కిందికి నొక్కుతుంది, రైలు బ్రాకెట్ల మధ్య విల్లులా వంగుతుంది. ఇదే కారణంగా రైలు తలకూ పై స్లాబుకూ మధ్య డ్రాయింగ్‌లో ఇచ్చిన సందు తప్పనిసరిగా వదలాలి.

లంబానికి పియానో వైరు, చివర పది కిలోలకు తగ్గని గుండు, గుండు ఆయిల్ బకెట్‌లో మునిగి ఉండాలి. మధ్యాహ్నం పైన గాలి వీచే షాఫ్ట్‌లో వైరు ఊగుతుంటే కొలత తీసుకోకు, పొద్దున్నే తీసుకో. లంబం 5 మీటర్లకు 0.6 మి.మీ. లోపు. డీబీజీ, అంటే ఎదురెదురు రైళ్ల మధ్య దూరం, క్యాబిన్ రైళ్లకు సున్నా నుంచి 2 మి.మీ. ఎక్కువ దాకా పర్వాలేదు, తక్కువ మాత్రం రాకూడదు. ప్రతి బ్రాకెట్ దగ్గర కొలిచి కాగితం మీద రాయి.

ఇప్పుడు మెషిన్. పై స్లాబులో హుక్ ఉంటుంది. దాని మీద ఎంత భారం మోస్తుందో రాసి ఉండాలి, లేకపోతే బిల్డర్ ఇంజినీరు చేత రాయించు. మెషిన్ మీద ఉన్న ఐబోల్టులు మెషిన్ ఒక్కదానికే. బెడ్‌తో కలిపి వాటి మీద ఎత్తకు, ముందు బెడ్ ఎక్కించి బిగించి, తర్వాత మెషిన్. ఎత్తేటప్పుడు పక్కకు ఊగకుండా ఒక తాడు కట్టి కింది నుంచి పట్టించు. పిట్‌లో మనిషి ఉండకూడదు, తాడు పట్టేవాడు ల్యాండింగ్ బయట నిలబడాలి. నీ సేఫ్టీ బెల్టు లైఫ్‌లైన్ వేరే కొక్కేనికి కట్టు, మెషిన్ వేలాడే హుక్‌కు కాదు.

బెడ్ మట్టం రెండు దిక్కులా చూసి, అడుగున రబ్బరు ప్యాడ్లు వాటి చోట్లలో పెట్టి మెషిన్ దించు. ప్యాడ్ల బోల్టులు బలం కొద్దీ బిగించేవాళ్లుంటారు. రబ్బరు పూర్తిగా నలిగితే అది ఇనుముతో సమానం. మోటారు ఝుమ్మనే చప్పుడు రైలు పట్టుకుని, బ్రాకెట్ పట్టుకుని, గోడ అవతల పడకగదిలోకి పోతుంది. మోటారు కేబుల్‌కు గట్టి పైపు నేరుగా మెషిన్‌కు బిగించినా అంతే, చివరి అర మీటరు ఫ్లెక్సిబుల్ ఉండాలి.

షీవ్ గాడి మధ్య నుంచి గుండు వదిలి క్యాబిన్ పుల్లీ, కౌంటర్‌వెయిట్ పుల్లీ గాడుల మీదకు సరిగ్గా పడుతుందో చూడు. మెషిన్ ఎక్కాక దగ్గర్లో గ్రైండింగ్, వెల్డింగ్ ఉంటే ముందు మెషిన్‌ను పాలిథీన్‌తో కప్పు. పర్మనెంట్ మాగ్నెట్ మోటారు ఇనుప రజనును లాక్కుంటుంది. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే ముక్కకే పెట్టాలి. రైలుకు పెడితే కరెంటు మెషిన్ బేరింగుల గుండా తిరిగి వాటిని, ఎన్‌కోడర్‌నూ పాడుచేస్తుంది. రైలు మీద వెల్డింగ్ అసలే వద్దు.

రోపులు వేసేటప్పుడు క్యాబిన్ సేఫ్టీ గేర్ మీద, కౌంటర్‌వెయిట్ పిట్‌లో గట్టి స్టీలు ప్రాప్ మీద ఉండాలి. బ్రేకు ఒక్కదాన్ని నమ్మకు. డ్రైవ్ కలపక ముందు మోటారు మూడు తీగలనూ షార్ట్ చేసి ఉంచు. పొరపాటున ఎవరైనా బ్రేకు లివర్ లాగినా మోటారే అడ్డుకుని నెమ్మదిగా కదలనిస్తుంది. డ్రైవ్‌కు కరెంటు ఇచ్చే ముందు ఆ షార్ట్ తీశావో లేదో నీ కళ్లతో చూసుకో.

భారం పడ్డాక మళ్లీ కొలవాలి, ఇది చాలామంది వదిలేసే పని. బెడ్ మట్టం, నాలుగు రబ్బర్ల నలుగుడు, షీవ్ నిలువు మళ్లీ చూడు. ఖాళీ క్యాబిన్‌తోనూ నిండు లోడుతోనూ షీవ్ వాలు 2 మి.మీ. దాటకూడదు. పిట్‌లో రైలు అడుగులు, ప్రతి క్లిప్పు దగ్గర నువ్వు పెట్టిన పెయింట్ గీతలు కూడా చూడు. గీత విరిగి ఉంటే రైలు జారినట్టే. నెల తర్వాత ఇంకోసారి వెళ్లి ఇవే చూడు.

ఇంకొకటి. మెషిన్ ఉండే చోట వేడి 40 డిగ్రీలు దాటకూడదని లెక్క. బెజవాడ మే నెల ఎండకు పై స్లాబు కింద అది ఇట్టే దాటుతుంది. షాఫ్ట్ తలకట్టులో గాలి రంధ్రం వదిలారా, వాన జల్లు మెషిన్ మీద పడకుండా దానికి లూవర్ ఉందా చూసి, లేకపోతే స్లాబు మీద టైల్స్ పరవకముందే బిల్డర్‌కు రాతపూర్వకంగా చెప్పు.

పిట్ ప్లేట్ల గ్రౌట్ అయ్యాక ఫోటో, బ్రాకెట్ల వారీగా డీబీజీ కొలతల కాగితం నాకు పంపు. అవి చూసి నేను ఫోన్ చేస్తాను. చేసేదాకా మెషిన్‌ను కిందనే ఉంచు.

ఇట్లు,
మామయ్య